పెరటి డెక్ డైరీ: పలకల కంటే ముందు కింది ఫ్రేము

జనవరి 4

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇల్లు నాన్న కట్టించిన పాత ఇల్లు. వెనక వంటింటి తలుపు తీస్తే మూడు మెట్లు, మెట్లు దిగితే ఏటవాలుగా ఉత్తరం ప్రహరీ దాకా జారిపోయే పెరడు. వానాకాలం నాలుగు నెలలూ ఎర్రబురద, ఎండాకాలం దుమ్ము, మధ్యలో జామచెట్టు, కరివేపాకు, అమ్మ కుండీలు. సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుందామంటే ఏ కుర్చీకీ నాలుగు కాళ్లూ నేలమీద ఆనవు. అందుకని 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో, వంటింటి గుమ్మానికి రెండంగుళాలు తక్కువ ఎత్తులో ఒక డెక్ (స్తంభాల మీద ఫ్రేము నిలబెట్టి పైన పలకలు పరిచే అరుగు) వేద్దామని మూడేళ్లుగా అనుకుంటున్నా, ఈ సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడుతున్నా.

రెండంగుళాలు తక్కువ ఎందుకంటే డెక్ గుమ్మానికి సమానంగా ఉంటే గాలివానకి నీళ్లన్నీ వంటింట్లోకే.

ఇవాళ కొలతలు తప్ప ఇంకేం చేయలేదు. నాలుగు మేకులు కొట్టి దారం కట్టి, మూలమట్టం పెట్టి చూసుకుని బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నా. తర్వాత ఐమూలలు కొలిస్తే ఒకవైపు 15 అడుగుల 6 అంగుళాలు, ఇంకోవైపు 15 అడుగుల 9. అంటే నేను వేసింది దీర్ఘచతురస్రం కాదు, గాలిపటం. రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. ఒక మేకు పీకి జరపడం, మళ్లీ కొలవడం, దాన్ని సరిచేస్తే ఇంకోటి పోవడం, ఇలా గంటన్నర. రెండడుగుల మూలమట్టం పన్నెండడుగుల దారానికి చాలదని తెలిసొచ్చింది.

వాలు చూడటానికి పారదర్శకంగా ఉండే ట్యూబులో నీళ్లు నింపి మేస్త్రీలు పట్టే పద్ధతే. ఒక కొస నేను, ఇంకో కొస మా అమ్మాయి. ట్యూబులో ఒక గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుందని దానికి చెప్పాక, బుడగల్ని తరిమే పనిలో పడి నీళ్లు సగం నామీద పోసింది. చివరికి తేలింది: ఇంటి గోడ దగ్గర్నుంచి 10 అడుగులు పోయేసరికి నేల 11 అంగుళాలు దిగిపోతోంది. నేను నాలుగైదు అంగుళాలు అనుకున్నా. కన్ను ఎంత మోసం చేస్తుందో.

జనవరి 6

కాగితం మీద బొమ్మ. మూడు వరసలు, వరసకి మూడు స్తంభాలు, మొత్తం తొమ్మిది. పొడవు వైపు ఆరడుగులకొకటి, వెడల్పు వైపు అయిదడుగులకొకటి. చాలా అందంగా ఉంది. నాన్నకి చూపించా.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు నిమిషాలు చూసి, "ఈ మూల స్తంభం ఎక్కడ పెడుతున్నావురా?" అన్నారు. ఈశాన్యం. "ఈశాన్యంలో బరువు పెడతారుట్రా ఎవరైనా?"

వాస్తు మీద నాకూ ఆయనకీ ఇరవై ఏళ్ల చర్చ ఉంది, దాన్ని మళ్లీ మొదలుపెట్టబోతుంటే ఆయనే అన్నారు, "వాస్తు సంగతి అటుంచు, అక్కడ సంపుంది కదరా."

సంపు! దాని మూత డెక్ బయటే ఉంది కాబట్టి నా బొమ్మలో అది లేదు. కానీ మూత రెండడుగులే, కింద సంపు ఆరడుగులు. దాని స్లాబు నా డెక్ కిందికి అడుగుంపావు దూరం వచ్చేసి ఉంది. నీళ్ల ట్యాంకు మీద వేసిన నాలుగంగుళాల పాత స్లాబు, దాని అంచున స్తంభం నిలబెడితే ఏదో ఒకరోజు డెక్కూ మంచినీళ్లూ ఒకచోట చేరతాయి.

అది చాలదన్నట్టు డెక్ కిందికే డ్రైనేజీ చాంబర్ కూడా వస్తోంది. దాన్ని మూసేస్తే జామ్ అయిన రోజు పలకలన్నీ విప్పాలి.

హైదరాబాద్‌లో పాత ఇల్లున్నవాళ్లు పెరట్లో ఏం కట్టాలన్నా ముందు నేలకింద ఏముందో గీసుకోవాలి: సంపు, చాంబర్లు, బోరు, ఇంకుడు గుంత, వాటర్ కనెక్షన్ పైపు. నేను రెండు రోజులు పైన ఏముండాలో గీశా. మళ్లీ మొదటికి.

జనవరి 10

బరువులు. ఇక్కడ చాలామంది "నలుగురు మనుషులు, నాలుగు కుర్చీలు" అని లెక్క వేసుకుంటారు, నేనూ అంతే. కట్టడాల బరువుల లెక్కకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875, దాని రెండో భాగం ఇళ్ల బాల్కనీలకి చదరపు మీటరుకి 3 కిలోన్యూటన్లు పట్టుకోమంటుంది, అంటే దాదాపు 300 కిలోలు. మన డెక్ 11.15 చదరపు మీటర్లు. గుణిస్తే మూడు టన్నుల పైనే! చూడగానే నవ్వొచ్చింది, ఇంతమంది ఎక్కడ్నుంచి వస్తారని. తర్వాత మా ఇంట్లో పోయిన బతుకమ్మ గుర్తొచ్చింది. ఇరవై మంది ఒకచోట చేరి చప్పట్లు కొడుతూ తిరిగితే నిలబడ్డ బరువు వేరు, అడుగులు పడే బరువు వేరు. సరే, 300 ఉంచాం. ఫ్రేము, పలకల సొంత బరువుకి ఇంకో 40 కలిపా.

నాన్న సలహా: పైన చెక్కెందుకు, షాబాద్ బండలు పరుద్దాం, మన ఊరి రాయి, వందేళ్లుంటుంది. మంచి మాటే, ఎండకీ వానకీ దాన్ని మించింది లేదు. కానీ అంగుళం మందం బండ చదరపు మీటరుకి 65 కిలోలకి తక్కువ ఉండదు, మొత్తం మీద 700 కిలోల పైమాట, పైగా ఫ్రేము కాస్త వంగినా చెక్క వంగి ఊరుకుంటుంది, బండ పగులుతుంది. నేలమీద పరిచే రాయిని గాల్లో నిలబెట్టడం వద్దన్నా. ఆయన ఒప్పుకోలేదు, ఊరుకున్నారు.

జనవరి 11

సంపుకి పరిష్కారం దొరికింది. ఉత్తరం వైపు చివరి వరసని అడుగున్నర లోపలికి జరిపా. ఇప్పుడు వరసలు ఇంటి వైపు నుంచి సున్నా, 4 అడుగుల 3 అంగుళాలు, 8 అడుగుల 6 అంగుళాల దగ్గర. మిగిలిన 18 అంగుళాలూ సన్‌షేడ్ లాగ గాల్లో తేలుతుంది, సంపు స్లాబు మీద ఒక్క కిలో కూడా పడదు. ఇలా బయటికి వదిలే కొస, వెనక ఉన్న దూరంలో మూడో వంతు దగ్గర్లో ఉంటే భయం లేదు, అంతకంటే బాగా ఎక్కువైతే అంచున నిలబడ్డప్పుడు తూగుతున్నట్టుంటుంది.

విచిత్రం ఏంటంటే దీనివల్ల ఫ్రేము ముందుకంటే మెరుగైంది. వరసల మధ్య దూరం అయిదడుగుల నుంచి నాలుగుంపావుకి తగ్గింది కదా, నడిమి దూలం మీద బరువూ ఆ మేరకు తగ్గింది. నాన్నకి ఈశాన్యం ఖాళీగా కూడా దొరికింది. ఆయన గెలిచినట్టు ఆయన అనుకుంటున్నారు, అనుకోనీ.

జనవరి 14

సంక్రాంతి. మేస్త్రి ఊరెళ్లాడు. జామచెట్టు మీద ఆరు గాలిపటాలు.

జనవరి 15

పని లేదు కాబట్టి దూలాల లెక్క. ఇది కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే నేను తెలుసుకున్న అసలు సంగతి ఇదే.

స్తంభాల మీద పొడవునా మూడు దూలాలు, వాటి మీద అడ్డంగా జాయిస్టులనే సన్న పైపులు, ఆపైన పలకలు. దూలాలకి 80×40 మిల్లీమీటర్ల బాక్స్ పైపు (లోపల బోలుగా ఉండే నాలుగు పలకల ఇనుప పైపు) అనుకున్నాం. మొదటి ప్రశ్న, దాన్ని నిలబెట్టాలా పడుకోబెట్టాలా. వెల్డర్ కుర్రాడు మొన్న చూడ్డానికొచ్చి "అన్నా, పండవెడ్తే జాయిస్టు మంచిగ కూసుంటది, ఎత్తు గూడ కలిసొస్తది" అన్నాడు. వినడానికి బానే ఉంది. మా అమ్మాయి ప్లాస్టిక్ స్కేలు తీసుకుని రెండు పుస్తకాల మీద పడుకోబెట్టి మధ్యలో దాని జామెట్రీ బాక్సు పెడితే స్కేలు ఉయ్యాలలా దిగింది. అదే స్కేలుని అంచు మీద నిలబెట్టి పట్టుకుని పెడితే కదల్లేదు. పైపులో తేడా అంత నాటకీయంగా ఉండదు కానీ, 80×40 మూడు మిల్లీమీటర్ల పైపుని నిలబెడితే పడుకోబెట్టినదానికి మూడు రెట్లు గట్టి. అదే ఇనుము, అదే డబ్బు. ఎత్తు కలిసిరావడం కోసం మూడింట రెండు వంతుల గట్టిదనం పారబోయడం ఎందుకు?

రెండోది, దూలాన్ని నడిమి స్తంభం దగ్గర ముక్క చేయాలా, ఒకే పన్నెండడుగుల పైపుగా మీదుగా పోనివ్వాలా. వెల్డర్లకి ముక్కలే ఇష్టం, మోయడం తేలిక, స్తంభానికి రెండు వైపులా అతికిస్తే అయిపోతుంది. లెక్క వేశా. పూర్తి బరువు పడ్డప్పుడు ఆరడుగుల ముక్కైతే మధ్యలో 6 మిల్లీమీటర్లు వంగుతుంది. ఒకే పైపు మూడు స్తంభాల మీద సాగితే రెండున్నర! ఒకవైపు దిగబోతుంటే రెండోవైపు బరువు పట్టి ఆపుతుంది, అంతే కిటుకు. దూరాన్ని 360తో భాగిస్తే వచ్చేంత వరకు వంగొచ్చని ఒక లెక్క ఉంది, ఆరడుగులకి 5 మిల్లీమీటర్లు. అంటే కోస్తే ఫెయిల్, కోయకపోతే సగం మార్కులతో కాదు, డిస్టింక్షన్‌లో పాస్.

ఒక జాగ్రత్త. వంపు తగ్గుతుంది కానీ పైపు మీద పడే శ్రమ తగ్గదు, అది నడిమి స్తంభం నెత్తిమీదికి చేరుతుంది. అక్కడ అతుకు ఉండకూడదు, బోల్టుకని రంధ్రం కూడా వేయకూడదు. అందుకే "ఒకటే పైపు కదా, మందం రెండు ఎంఎం చాలు" అనే మాటకి లొంగలేదు, మూడే.

జాయిస్టులకి 50×25 రెండు మిల్లీమీటర్లు, నిలబెట్టి, 13 అంగుళాలకొకటి, మొత్తం 12. పైన డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు వేసేట్టయితే కంపెనీలు సాధారణంగా 12 నుంచి 16 అంగుళాల దూరం చెబుతాయి. మే నెల ఎండలో డబ్ల్యూపీసీ కాస్త మెత్తబడుతుంది కాబట్టి దగ్గరగానే ఉంచా. చాంబర్ ఉన్నచోట ఒక జాయిస్టు కోసేసి, రెండు పక్కలా అడ్డముక్కలు పెట్టి, ఎత్తి పక్కన పెట్టగలిగే తలుపు. దాని పిడి పైకి పొడుచుకు రాకుండా చూడాలి, లేకపోతే మొదట తగిలి పడేది నేనే.

జనవరి 18

మేస్త్రి వచ్చాడు. తొమ్మిది గుంతలు, ఒక్కోటి అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. పదకొండింటికి ఏడు అయిపోయాయి, ఎర్రమట్టి అడుగు దాకా, కింద గట్టి మొరం. నడిమి స్తంభం మీద దాదాపు ఒక టన్ను పడుతుంది, అడుగున్నర చదరపు దిమ్మె కింద ఈ మొరానికి అదో బరువు కాదు.

ఎనిమిదోది జామచెట్టు వేరు పక్కనే, వేరు కోయకుండా మూడంగుళాలు జరిపాం. తొమ్మిదో గుంతలో తొమ్మిదంగుళాలకే గునపం ఖంగుమంది.

"సార్, బండ తగిల్నది."

రాయేమో పక్కకి తీయమన్నా. మేస్త్రి నవ్వాడు. గునపంతో చుట్టూ నాలుగుచోట్ల కొట్టి చూపించాడు, ప్రతిచోటా అదే మోత. "రాయి గాదు సార్, పరుపుబండ. గిది మీ గోడ కింద నుంచి పక్కింటోళ్ల దాంక ఉంటది." సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ వైపు ఇదేం వింత కాదు, మౌలాలి గుట్ట అంత దూరంలో కనబడుతూనే ఉంటుంది, దాని చుట్టాలే మా పెరట్లోనూ ఉన్నారు. మొదట గుండె జారింది కానీ ఆలోచిస్తే ఇంతకంటే మంచి పునాది డబ్బు పెట్టినా రాదు. మట్టి పూర్తిగా తీసేసి, వైరు బ్రష్‌తో బండని కడిగి, హ్యామర్ డ్రిల్‌తో బెజ్జాలు వేసి, వాటిలో దుమ్మంతా ఊదేసి, రాడ్డుని బండకి అతికించే కెమికల్ పోసి 12 ఎంఎం రాడ్లు నిలబెట్టాం. దాని మీద దిమ్మె పోసుకుంటే చాలు. దుమ్ము ఊదకపోతే కెమికల్ దుమ్ముకి అంటుకుంటుంది, బండకి అంటుకోదు. ఇది మేస్త్రి చెప్పిందే, రెండోసారి కూడా ఊదించాడు.

జనవరి 20

కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4; ఇసుకకి బదులు రోబో శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక), 20 ఎంఎం కంకర. దిమ్మెలతో కలిపి ఆరు బస్తాల సిమెంటు పట్టింది. ప్రతి దిమ్మె నేలకి ఆరంగుళాలు పైకి లేపి, పైభాగం చదునుగా కాకుండా బయటికి కొద్దిగా వాలు ఇచ్చాం, నీళ్లు బేస్ ప్లేట్ (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) కింద నిలవకుండా. ఇనుప స్తంభాన్ని నేరుగా మట్టిలో పాతి కాంక్రీటు పోయడం మన దగ్గర చాలా చూస్తాం, గేట్లు, షెడ్లు అన్నీ అంతే. నాలుగేళ్లకి సరిగ్గా నేల మట్టం దగ్గర చుట్టూ తుప్పు తినేసి ఉంటుంది, పైనా కిందా బాగానే ఉంటుంది. అందుకే ఇనుము మట్టికి తగలకూడదని మొదట్నుంచీ పట్టుబట్టా.

గోనెసంచులు కప్పాం. రోజుకి మూడుసార్లు నీళ్లు కొట్టే డ్యూటీ నాన్నది, ఆయనే అడిగి తీసుకున్నారు.

జనవరి 24

ఇనుము కొనడం. షాపులో "80×40 మూడు ఎంఎం" అనగానే తీసి పెట్టాడు. నేను ఇంటి నుంచి లెక్క రాసుకుని వెళ్లా: ఈ పైపు 20 అడుగుల పొడవుకి 32 కిలోలకి అటూఇటూగా ఉండాలి. తూకం వేయమంటే వింతగా చూశాడు కానీ వేశాడు. 26. కాలిపర్ పెడితే రెండున్నర మిల్లీమీటర్లు కూడా కష్టంగా వచ్చింది. "అందరూ దీన్నే మూడు అంటారు సార్" అన్నాడు, అతని గొంతులో మోసం కూడా లేదు, నిజంగానే అందరూ అలాగే అంటున్నారు కాబోలు. కిలోల్లెక్కన అమ్ముతారు కనుక డబ్బు నష్టం లేదు, కానీ ఫ్రేము బలం పోయేది అక్కడే. ఇంకో షాపులో 31న్నర తూగింది, అది తీసుకున్నా.

దూలాలకి మూడు పైపులు. 20 అడుగుల్లో 12 పోతే ఒక్కోదానికి 8 అడుగులు మిగులుతాయి కదా, ఆ ముక్కల్లోనే తొమ్మిది స్తంభాలూ వచ్చేస్తున్నాయి, వేరే పైపు కొనక్కర్లేదు. జాయిస్టులకి ఆరు పైపులు, ఒక్కోదానిలో రెండు. వృథా దాదాపు లేదు. ఈ కటింగ్ లిస్టు వేసుకోవడానికి ఒక గంట పట్టింది, ఆ గంటకి కూలి బాగానే గిట్టింది. అక్కడ్నుంచి రాణీగంజ్ పోయి బోల్టులు, నట్లు, పైపుల కొసలకి ప్లాస్టిక్ మూతలు తెచ్చా. పైపు బయటే కాదు, లోపల కూడా తుప్పు పడుతుంది, కొస తెరిచి ఉంటే వాననీళ్లు, దాంతోపాటు చీమలూ కందిరీగలూ.

ఫిబ్రవరి 1

వెల్డర్ వచ్చాడు. ఊహించినట్టే మొదటి మాట: "మూడు ఎంఎం ఎందుకన్నా? ఏనుగు ఎక్కుతదా ఏంది?" రెండో మాట: "నడుమ కోసి అతికిస్తా, మస్తు స్ట్రాంగ్ ఉంటది." స్కేలు, రెండు పుస్తకాలు మళ్లీ బయటికొచ్చాయి. ఈసారి రెండు స్కేళ్లు, ఒకటి మధ్యలో విరగ్గొట్టింది (అమ్మాయికి కొత్తది కొనివ్వాలి). మూడో పుస్తకం మధ్యలో పెట్టి విరిగిన ముక్కలు రెండూ వేసి నొక్కమన్నా, తర్వాత నిండు స్కేలు వేసి నొక్కమన్నా. రెండుసార్లు నొక్కాడు. ఏమనలేదు, పోయి గ్రైండర్ తీసుకుని పన్నెండడుగుల దగ్గర గీత పెట్టాడు.

ఇంటి గోడకి మాత్రం ఫ్రేముని కలపలేదు, అంగుళం సందు వదిలాం. గోడలోకి రెండు బోల్టులు కొడితే "ఫ్రీగా బలం వస్తుంది" అన్నాడు వెల్డర్. ఆ బోల్టుల దగ్గరే రేపు వంటింటి గోడకి చెమ్మ వస్తుంది. వద్దన్నా.

సాయంత్రానికి తొమ్మిది స్తంభాలు, మూడు దూలాలు నిలబడ్డాయి. రసమట్టంలో బుడగ మధ్యలోకి వచ్చింది, ప్రహరీ వైపు మాత్రం కావాలనే పావంగుళం వాలు పెట్టాం. వెల్డింగ్ మచ్చల మీద పెంకులా పేరుకునే మడ్డి కొట్టి దులిపాక కానీ రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు) వేయనివ్వలేదు. ఒకచోట మడ్డి మీదే పూసేశాడు, నేను చూడలేదనుకుని. గోరుతో గీకితే రంగూ మడ్డీ కలిసి పెచ్చులా ఊడొచ్చింది. మళ్లీ చేశాడు.

ఫిబ్రవరి 8

జాయిస్టులు అయిపోయాయి, రెండో కోటు ఆరుతోంది. మేం ముగ్గురం నడిమి దూలం మీద ఎక్కి గెంతాం, నాన్న కింద వంగి చూసి "కదల్లేదు" అన్నారు.

అప్పుడు అమ్మ వచ్చింది. డెక్ అంచున వరసగా కుండీలు పెడుతుందట, ఎన్నంటే పద్నాలుగు. పదిహేనంగుళాల కుండీలో తడి ఎర్రమట్టి అంటే ఒక్కోటి 60, 70 కిలోలు. అన్నీ కలిపి టన్నుకి దగ్గర, అదీ గాల్లో తేలుతున్న ఉత్తరం అంచు మీద! అక్కడే ఎండ బాగా పడుతుందట. ఫ్రేము వేశాక చెబితే ఎలా అమ్మా అంటే, "నువ్వు అడిగావా?" అంది. అడగలేదు. సంపు అడిగింది, బండ అడిగింది, వాటికి జవాబు చెప్పుకున్నా, ఇంట్లో మొక్కలు పెంచే మనిషిని మాత్రం అడగలేదు.

సుద్దముక్క తీసుకుని మూడు దూలాలూ ఎక్కడున్నాయో జాయిస్టుల మీద గీతలు గీసి చూపించా. కుండీలు ఈ గీతల మీదే, స్తంభాలకి దగ్గరగా, అంచున మాత్రం తులసి ఒక్కటే. ఆరు కుండీలకి ఒప్పుకుంది. మిగతా ఎనిమిదింటికి కోకోపీట్ కలిపి మట్టి తేలిక చేద్దామంటే ఆలోచిస్తానంది. పలకలు వచ్చే వారం.